ఓడపై దిగిన చిన్న విమానము

తూర్పు కనుమల పాదమున, చింతపల్లి, లంబసింగి కొండలకు పోవు దారిలో నర్సీపట్నము ఉన్నది. ఆ పట్టణపు బాలబాలికలకు కొండలు నిత్యము కనబడును గాని సముద్రము కనబడదు. కడలిని కన్నులార చూడవలెనన్న విహారయాత్రకు విశాఖపట్నము పోవలెను. అచ్చటి సముద్రతీరమున, రోడ్డునకు ఇరువైపుల, రెండు వింతలు వారికి ఎదురగును. ఒకటి 'కురుసుర' యను జలాంతర్గామి. నౌకాదళమున సేవచేసి విరమించిన ఆ ఓడను 2002లో ప్రదర్శనశాలగ మార్చిరి. రెండవది 'టి.యు. 142' అను భారీ విమానము. సముద్రముపై గస్తీ తిరిగిన ఆ విమానము 2017 నుండి తీరముననే విశ్రమించి యున్నది. దాని రెక్కలు ఒక కొన నుండి మరియొక కొనకు 50 మీటర్ల పొడవు కలవి.

ఆ విమానము చుట్టును తిరిగి చూచిన విద్యార్థికి ఒక సందేహము కలుగుట సహజము. విమానములు దిగుటకు ఎంతో పొడవైన బాటలు కావలెను గదా. నడిసముద్రమున కదలుచుండు ఓడపై విమానము ఎట్లు దిగగలదు? దిగుటకు తగిన సాధనములు లేని చిన్న విమానమొకటి, ఆపదలో చిక్కి, ఓడ తప్ప వేరు దిక్కు లేనప్పుడు, దాని గతి యేమి? మొదటి ప్రశ్నకు సమాధానము నర్సీపట్నములోనే కొంత దొరకును. రెండవ ప్రశ్నకు సమాధానము 1975లో దక్షిణ చైనా సముద్రముపై జరిగిన ఒక నిజమైన సంఘటనలో ఉన్నది.

ఈదురుగాలి వీచు సాయంకాలమున కాకి ఇంటిచూరుపై వ్రాలుటను గమనించినవారికి ఒక విషయము తెలియును. అది గాలికి ఎదురుగ తిరిగి, రెక్కలు చాచి, మెల్లమెల్లగ దిగి, ఇంచుమించు నడక వేగముతో చూరును తాకును. వెనుకనుండి గాలి తోయుచుండగా వ్రాలబోయిన కాకి తడబడి మరల పైకెగిరిపోవును. గాలిపటము సంగతియు ఇట్టిదే. గాలి లేని దినమున బాలుడు దారము పట్టుకొని పరుగెత్తినగాని పటము లేవదు. గాలి బలముగ నున్న దినమున నిలుచున్నచోటనే ఎగురవేయవచ్చును. పటమునకు కావలసినది తనపై వీచు గాలి మాత్రమే. ఆ గాలి సహజముగ వీచినదా, బాలుని పరుగువలన కలిగినదా యను భేదము దానికి లేదు.

విమానపు రెక్కకును ఇదే ధర్మము వర్తించును. రెక్కలమీదుగ గాలి తగిన వేగముతో ప్రవహించునంతవరకు అవి విమానపు బరువును మోయును. ఆ వేగము ఒక హద్దుకంటె తగ్గినచో మోయజాలవు, విమానము పడిపోవును. అందుచేతనే ఏ విమానమైనను నేలను తాకు క్షణమున గూడ కొంత వేగముతో ఉండితీరవలెను. నేలను తాకిన పిమ్మట ఆ వేగమును చంపుకొనుటకే అంత పొడవైన బాట.

ఓడకు పొడవైన బాట లేదు. కాని నేలమీది బాటకు లేని సౌకర్యమొకటి ఓడకు కలదు. ఓడ కదలగలదు. గాలి ఎటునుండి వీచుచున్నదో అటు ముఖము త్రిప్పి ఓడ వేగముగ పోయినచో, సహజముగ వీచు గాలికి ఓడ పరుగువలన కలుగు గాలి తోడగును. ఒక చిన్న విమానము దిగునప్పుడు గాలిలో గంటకు 100 కిలోమీటర్ల వేగము కలిగి యుండవలెననుకొందము. గంటకు 28 కిలోమీటర్ల వేగముతో గాలి వీచుచుండగా, దానికెదురుగ ఓడ గంటకు 46 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నచో, డెక్కుపై నిలిచినవానికి 74 కిలోమీటర్ల వేగపు గాలి ముఖమున తగులును. ఆ డెక్కుపై దిగు విమానమునకును ఓడకును మధ్య మిగులు వేగము 26 కిలోమీటర్లు మాత్రమే. బలముగ త్రొక్కిన సైకిలు వేగమంతే గదా!

ఇందులో మరియొక లాభము గూడ ఉన్నది. ఒకే విధమైన బ్రేకులతో ఆగు బండి వేగము సగమైనచో, ఆగుటకు పట్టు దూరము సగము గాదు, నాల్గవ వంతగును. వేగము నాల్గవ వంతైనచో దూరము పదునారవ వంతగును. కావున వేగము నూరునుండి ఇరువదియారునకు తగ్గుట సామాన్యమైన లాభము కాదు. నేలపై రెండువందల గజములు పరుగిడి ఆగవలసిన విమానము ఓడపై కొలది గజములలోనే నిలువగలదు.

మానవుడు ఈ విద్యను ఒక్కదినమున నేర్చినవాడు కాడు. 1911 జనవరి 18న యూజీన్ ఎలీ అను అమెరికా వైమానికుడు శాన్ ఫ్రాన్సిస్కో అఖాతమున లంగరు వేసియున్న 'పెన్సిల్వేనియా' యను యుద్ధనౌకపై తన విమానమును దింపెను. ఆ నౌకపై చెక్కలతో ఒక వేదిక కట్టి, దానిపై అడ్డముగ త్రాళ్లు పరచి, త్రాళ్ల కొనలకు ఇసుక సంచులు కట్టిరి. విమానము క్రింద అమర్చిన కొక్కెములు త్రాళ్లను పట్టుకొని, సంచులను ఈడ్చుచు, వేగమును కోల్పోయి నిలిచినవి. 1917 ఆగస్టు 2న ఎడ్విన్ డన్నింగ్ అను ఆంగ్ల నౌకాదళ వైమానికుడు 'ఫ్యూరియస్' అను నౌక కదలుచుండగనే దానిపై దిగెను. కదలు ఓడపై దిగినవారిలో అతడే ప్రథముడు. ఐదు దినముల పిమ్మట మరల అట్లే దిగబోయి, విమానముతో సముద్రమున పడి మరణించెను. అట్టి త్యాగముల మీదనే ఈ విద్య పెరిగినది. ఇసుక సంచుల స్థానమున బలమైన యంత్రములకు కట్టిన ఉక్కు తీగత్రాళ్లు వచ్చినవి. విమానపు తోకక్రింది కొక్కెము ఆ త్రాళ్లలో ఒకదానిని పట్టుకొనగనే విమానము ఆగును.

మన దేశమునకు మొదటి విమానవాహక నౌక 'విక్రాంత్'. అది 1961 మార్చి 4న నౌకాదళమున చేరెను. ఆ యేడు మే 18న దానిపై తొలి జెట్ విమానమును దింపిన లెఫ్టినెంటు ఆర్.హెచ్. తహిలియానీ తరువాతి కాలమున నౌకాదళాధిపతి అయ్యెను. 1971 యుద్ధమునాటికి విక్రాంత్ ఆవిరి బాయిలరు ఒకదానిలో పగుళ్లు తేలినవి. బాయిలరు బలహీనమైన ఓడ వేగము తగ్గును. ఓడ వేగము తగ్గిన డెక్కుపై గాలి తగ్గును. గాలి తగ్గిన విమానములకు ఎగురుటయు దిగుటయు కష్టమగును. అయినను నావికులు వెనుదీయక ఆ నౌకను బంగాళాఖాతమున నడిపిరి. 1971 డిసెంబరు 4న దానిపైనుండి ఎగిరిన విమానములు కాక్స్ బజారు, చిట్టగాంగు రేవులపై దాడిచేసినవి. ఆ విక్రాంత్ 1997లో సేవ విరమించెను. అదే పేరుతో కొచ్చిన్‌లో మనవారు నిర్మించిన క్రొత్త విక్రాంత్ 2022 సెప్టెంబరు 2న నౌకాదళమున చేరెను.

విమానవాహక నౌక నడుపువానికి గాలియు వేగమును ఎంత ముఖ్యములో దీనివలన తెలియుచున్నది. అవి యుద్ధమునకే గాక ప్రాణరక్షణకును ఎట్లు పనికివచ్చునో, ఆ యుద్ధము జరిగిన నాలుగేండ్లకు వెల్లడియయ్యెను.

1975 ఏప్రిల్ నెలాఖరు. వియత్నాంలో అనేక సంవత్సరములుగ సాగుచున్న యుద్ధము ముగియు దినములవి. దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ ఏప్రిల్ 30న ఉత్తర వియత్నాం సేనల వశమయ్యెను. అంతకు ముందే అమెరికా నౌకలు తీరమునకు దూరముగ నిలిచి, హెలికాప్టర్లలో వచ్చు శరణార్థులను వేలకొలదిగ ఎక్కించుకొనుచుండెను. ఆ నౌకలలో 'మిడ్‌వే' యనునది యొకటి. 1945లో నౌకాదళమున చేరిన ఆ విమానవాహక నౌక పొడవు సుమారు 1,000 అడుగులు. దాని అధిపతి కెప్టెన్ లారెన్స్ చేంబర్స్. అమెరికాలో విమానవాహక నౌకకు అధిపతియైన మొదటి నల్లజాతీయుడు ఆయనయే. స్వయముగ విమానము నడిపి ఓడలపై దిగిన అనుభవము ఆయనకు గలదు. ఆ నౌక బాధ్యత స్వీకరించి అప్పటికి కొలది వారములే గడచినవి.

అప్పుడు ఆకాశమున చిన్న విమానమొకటి కనబడెను. అది దక్షిణ వియత్నాం వైమానిక దళమునకు చెందిన 'బర్డ్ డాగ్' అను రకము. సెస్నా కంపెనీవారు నిర్మించిన ఆ విమానమునకు ఇంజను ఒక్కటి, ఆసనములు రెండు, రెక్కల పొడవు 36 అడుగులు. యుద్ధభూమిపై తిరిగి శత్రువుల జాడ తెలిసికొనుటకే దానిని వాడెడివారు. ఓడపై దిగుటకు కావలసిన కొక్కెము దానికి లేదు. అది నౌకపైన దీపములు వెలిగించుకొని గిరగిర తిరుగుచుండెను. రేడియో ద్వారా ఎంత పిలిచినను జవాబు రాలేదు.

దానిని నడుపుచున్నవాడు మేజర్ బువాంగ్ లీ. అతడు కోన్ సోన్ అను దీవినుండి, భార్యను, ఐదుగురు బిడ్డలను ఆ రెండాసనముల విమానములోనే ఇరికించుకొని, క్రిందినుండి వచ్చు తుపాకి కాల్పులను తప్పించుకొని, సముద్రముపైకి వచ్చెను. ఎక్కడ ఏ ఓడ యుండునో అతనికి తెలియదు. మరలిపోవుటకు దేశము లేదు. ముందున్నది సముద్రమొక్కటే. అట్టి స్థితిలో మిడ్‌వే అతని కంటబడెను. అంతవరకు అతడు ఏ ఓడపైనను దిగి యెరుగడు.

ఎగురుచున్న విమానమునుండి అతడు ఒక చీటిని డెక్కుపైకి విడిచెను. గాలి దానిని సముద్రమున పడవైచెను. మరల ప్రయత్నించెను, మరల అట్లే జరిగెను. చివరకు బరువైన తోలు సంచికి కట్టి విడిచిన చీటి నావికులకు చిక్కెను. హెలికాప్టర్లను ప్రక్కకు జరిపినచో తాను దిగగలననియు, ఇంకొక గంట ఎగురుటకు చాలు ఇంధనము కలదనియు, తనతో భార్యయు ఐదుగురు బిడ్డలును ఉన్నారనియు, రక్షింపుడనియు దానిలో వ్రాసియుండెను.

నౌకాధిపతి యెదుట రెండు మార్గములుండెను. మొదటిది, ఓడ ప్రక్కన సముద్రములోనే దిగుమని చెప్పి, పడవలు పంపి, బయటపడినవారిని ఎత్తుకొనుట. ఇది ఓడకు సుళువు. విమానములోని వారికి మృత్యువు. బర్డ్ డాగ్ చక్రములు లోపలికి ముడుచుకొనునవి కావు. క్రిందికి వ్రేలాడు ఆ చక్రములు ముందుగ నీటిని తాకును. నీరు వానిని పట్టి వెనుకకు లాగును. విమానము ముక్కు నీటిలోనికి దూసికొనిపోయి, మొత్తము తలక్రిందులగును. ఇరుకైన గదిలో ఒకరిపై ఒకరుగ కూర్చున్న చిన్నబిడ్డలు అందుండి ఎట్లు వెలువడగలరు? ఆ చిన్న విమానములో ఇద్దరికంటె ఎక్కువమంది ఉన్నారని కావలివారు తెలిపినప్పుడే ఈ మార్గము మూసికొనిపోయెను.

రెండవది డెక్కుపై దింపుట. కాని డెక్కు ఖాళీగ లేదు. శరణార్థులను తెచ్చిన హెలికాప్టర్లు దానిపై క్రిక్కిరిసి యుండెను. కొన్నిటిని ప్రక్కకు జరుపవచ్చును. తక్కినవానికి చోటు లేదు. గంట సమయము కరగిపోవుచున్నది. జరుపజాలని హెలికాప్టర్లను సముద్రములోనికి త్రోయుడని చేంబర్స్ ఆజ్ఞాపించెను. అట్లు త్రోయబడిన వాని వెల సుమారు కోటి డాలర్లని అంచనా. ప్రభుత్వపు సొత్తును నీటిపాలు చేసినందులకు తనను సైనిక న్యాయస్థానమున నిలబెట్టుదురని ఆయన తలచెను. తలచియు ఆజ్ఞను మార్చలేదు.

పనికి స్వచ్ఛందముగ రమ్మని పిలువగా, హోదా, ఉద్యోగము అను భేదము లేక చేతనైన ప్రతి నావికుడును డెక్కుపైకి వచ్చెను. అందరును భుజములు ఆనించి హెలికాప్టర్లను ఒక్కొక్కటిగ అంచు దాటించిరి. ఇంతలో మరి ఐదు హెలికాప్టర్లు వచ్చి, ఖాళీ చేసిన చోటనే దిగినవి. అందలి మనుష్యులను దింపుకొని, ఆ ఐదింటిని గూడ సముద్రమున త్రోయించెను.

చోటు ఏర్పడినంత మాత్రమున చాలదు. ఆనాడు మబ్బులు సముద్రమునకు 500 అడుగుల ఎత్తుననే క్రమ్మియుండెను. సన్నని వాన పడుచుండెను. వీచుచున్న గాలి వేగము గంటకు 28 కిలోమీటర్లు. ఓడను గాలికెదురుగ త్రిప్పి, గంటకు 46 కిలోమీటర్ల వేగముతో నడుపుడని చేంబర్స్ ఆజ్ఞ యిచ్చెను. పైన లెక్కించిన అంకెలు ఆనాటి అంకెలే. రెండును కలిసి 74 కిలోమీటర్ల వేగముగల గాలి డెక్కుమీదుగ ప్రవహింపసాగెను.

డెక్కుపైని తీగత్రాళ్లను తీసివేయించుట ఆయన చేయించిన మరియొక పని. ఇతర విమానములను కాపాడు ఆ త్రాళ్లు కొక్కెములేని ఈ చిన్న విమానమునకు ఉపయోగపడకపోగా, దాని చక్రములకు తగిలి బోల్తా కొట్టింపవచ్చును. ఒకరికి రక్షయైనది మరియొకరికి అపాయము కావచ్చునని ఆయన ఎరుగును.

మిగిలిన ప్రమాదము గాలిలో నుండెను. ఎత్తైన గోడకు వెనుకప్రక్కన గాలిపటము ఎగురవేయబోయిన బాలునకు, పటము ఉన్నట్టుండి క్రిందికి కూలుట అనుభవమే. గోడను దాటిన గాలి వెనుక భాగమున సుడులు తిరిగి క్రిందికి దిగుటయే దానికి కారణము. అంత పెద్ద ఓడ గాలికెదురుగ పరుగిడునప్పుడు దాని వెనుకను అట్టి దిగుడుగాలి ఏర్పడును. డెక్కు అంచును సమీపించు విమానమును అది క్రిందికి లాగి ఓడ వెనుక భాగమునకు కొట్టగలదు. ఈ సంగతిని ఆంగ్లమునను వియత్నామీ భాషయందును రేడియోలో మరలమరల చెప్పించిరి. అవతలివాడు వినుచున్నాడో లేదో వారికి తెలియదు. అయినను చెప్పుట మానలేదు.

బువాంగ్ లీ విమానమును త్రిప్పి ఓడ వెనుకనుండి వచ్చెను. మెల్లగ ఎత్తు తగ్గించుకొనెను. దిగుడుగాలిని దాటెను, డెక్కు అంచును దాటెను. చక్రములు డెక్కు నడుమ గీతపై సరిగ తాకినవి. విమానము ఒక్కసారి ఎగిరిపడి, మరల తాకి, కొంత దూరము దొరలి, ఇంకను బాట మిగిలియుండగనే నిలిచిపోయెను. నావికులు చేతులు పైకెత్తి జయజయధ్వానములు చేసిరి. ఆ విమానమునుండి తండ్రి, తల్లి, ఐదుగురు బిడ్డలు, ఏడుగురును క్షేమముగ దిగిరి.

చేంబర్స్ ఆ వైమానికుని తనయొద్దకు పిలిపించి అతని నేర్పును ధైర్యమును మెచ్చుకొనెను. ఆ కుటుంబము క్రొత్త దేశమున స్థిరపడుటకై నావికులు తమలో తాము ఒక నిధి సమకూర్చిరి. చేంబర్స్ భయపడినట్లు ఆయనకు శిక్ష కలుగలేదు. తరువాతి కాలమున ఆయన రియర్ అడ్మిరల్ పదవికి ఎదిగెను. మిడ్‌వే నౌక 1992లో సేవ విరమించి, 2004 నుండి శాన్ డియేగో రేవున ప్రదర్శనశాలగ ఉన్నది. ఆ చిన్న విమానమును పెన్సకోలా నగరమునందలి నౌకాదళ విమాన ప్రదర్శనశాలలో భద్రపరచిరి.

ఈ వృత్తాంతమును కేవలము సాహసగాథగ చెప్పుకొనుట కలదు. సాహసమున్న మాట నిజమే. కాని సాహస మొక్కటియే ఆ ఏడుగురిని కాపాడెనా? ఓడను గాలికెదురుగ త్రిప్పక, వేగము పెంచక, దయతో మాత్రము చేతులు చాచియున్నచో, విమానము డెక్కు దాటి సముద్రమున పడియుండెడిది. గాలి లెక్కలన్నియు ఎరిగియు, హెలికాప్టర్ల వెలను మాత్రమే చూచుకొనియున్నచో, ఆ లెక్కలు వ్యర్థమై యుండెడివి. కోటి డాలర్లను ఏడు ప్రాణములతో తూచినప్పుడు ఏది బరువో తెలియుటకు హృదయము కావలెను. ఆ ప్రాణములను డెక్కుపైకి దింపుటకు శాస్త్రము కావలెను. ఆనాడు మిడ్‌వేపై ఈ రెండును కలిసినవి.

బండికి వేగమెంత, గాలికి వేగమెంత, రెంటికిని భేదమెంత అని తరగతి గదిలో చేయు లెక్కలు కొందరికి నిస్సారముగ తోచును. ఆ కూడికయు ఆ తీసివేతయుననే ఒకనాడు నడిసముద్రమున ఐదుగురు బిడ్డల ప్రాణములు ఆధారపడినవి. విశాఖ తీరమునుండి నర్సీపట్నమునకు మరలివచ్చిన విద్యార్థి, ఈదురుగాలి వీచు సాయంకాలమున, చూరుపై వ్రాలు కాకిని మరియొకసారి నిదానించి చూడవచ్చును. అది ముఖము ఎటు త్రిప్పి వ్రాలునో గమనించినచో, ఆ గొప్ప ఓడ ఆనాడు ఎటు తిరిగెనో, ఎందులకు తిరిగెనో, తానే చెప్పగలడు.